రాత్రికి రాత్రే కోళ్లు చస్తున్నయ్: ఏ జంతువు, ఏ జాలీ, విత్తన మందను ఎట్ల నిలుపుకోవాలె?

నర్సంపేట_చెలక:
అందరికి నమస్తే. ఊరి బయట చెలక. ఒక దిక్కు మక్క చేను, ఇంకో దిక్కు వాగు. గూడు 10 ఫీట్లు, 8 ఫీట్లు. నాలుగు దిక్కుల ఆరు మూలల కోళ్ల జాలీ, పైన జీఐ రేకులు, కింద మట్టి నేల. 22 నాటు పెట్టలు, 3 పుంజులు ఉండె. నిన్న రాత్రి ఆరు పెట్టలు చచ్చినయి, ఒకటి కనబడ్తలేదు. చచ్చినవాటికి మెడ కాడ, తల వెనుక పండ్ల గాట్లు. మాంసం పెద్దగ తినలే. జాలీ చినగలే, తలుపు పెట్టిందిపెట్టినట్టే ఉన్నది. ఊరోళ్లంత ముంగిస అంటున్నరు. ఈ పెట్టల నుంచే పిల్లలు దీసి మంద పెంచాలని ఉంది. ముందుగాల ఏం జెయ్యాలె?

కడీలగూడు (హనుమకొండ):
ముంగిస కాదు తమ్మీ. అది పగటి జంతువు, పొద్దుగాల, పొద్దూకే ముందు తిరుగుతది, చీకటి పడ్డంక బొక్కల పంటది. రాత్రి పూట మెడ కొరికి నాలుగైదు చంపి, ఒకటి ఎత్తుకపోయిందంటే మానుపిల్లి (చెట్లెక్కే పునుగు జాతిది) గాని, పునుగు గాని, అడవి పిల్లి గాని అయి ఉంటది. చీకట్ల కోడికి కండ్లు కనబడవు, కర్ర మీద కూసున్నది కూసున్నట్టే ఉంటది. అందుకే వరుసగ అన్నిటినీ కొరుక్కుంట పోతది. ఆకలి తీరినా రెక్కలు కొట్టుకునే చప్పుడుకు ఆగదు.

జాలీ చినగలేదంటే పై నుంచి వచ్చింది. రేకు, గోడ కలిసే కాడ చూడు. మూడించుల సందు చాలు మానుపిల్లికి. తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే. ముంగిసకు రెండించులు, ఎలుకకు ముప్పావు ఇంచు. సందులు ఎట్ల దొరకవట్టాలంటే, పట్టపగలు గూట్ల దూరి తలుపు మూసుకొని, గోనె సంచులతోని జాలీ అంత కప్పించు. ఎక్కడెక్కడ నుంచి వెలుగు వస్తదో అక్కడ సుద్దముక్కతోని గీత పెట్టు. జాలీని కండ్లతోని చూస్తే బాగనే కనబడ్తది, చీకట్ల ఉండి చూస్తెనే తెలుస్తది.

ఈ రాత్రికి మిగిలిన కోళ్లను గూట్ల ఉంచకు. అది దొరికిన తావుకు మళ్ల వస్తది, రేపో ఎల్లుండో కాదు, ఇయ్యాల్నే. గంపల కింద కమ్మి ఇంట్ల పెట్టు, గంప మీద రాయి.

పాకాల_పెట్ట:
కడీలగూడు అన్న చెప్పింది కరెక్టే. ఏ జంతువో ఖాయం చేసుకోకుండ జాలీ కొనకు తమ్ముడూ. పొయ్యిల బూడిద జల్లెడ పట్టి గూటి చుట్టూ రెండు ఫీట్ల వెడల్పుల పలుచగ చల్లు. రేకు మీద గూడ ఒక మూల చల్లు. గాలి లేని సాయంత్రం, ఏడు గంటల తర్వాత. తెల్లారి సూర్యుడు ఏటవాలుగ ఉన్నప్పుడు చూడు, అప్పుడు అడుగుల నీడ పడ్తది. మిట్టమధ్యాహ్నం చూస్తె ఏం కనబడదు.

పిల్లి జాతి ఐతే నాలుగు వేళ్లు, గుండ్రటి అడుగు, గోర్ల గుర్తులు పడవు. కుక్కకు నాలుగు వేళ్లే గాని గోర్లు పడ్తయి, అడుగు పొడుగుగ ఉంటది. మానుపిల్లి, పునుగు, ముంగిసకు ఐదు వేళ్లు, గోర్లు. ముంగిస గోర్లు వేలికి చాన దూరంగ ముందుకు పడ్తయి, ఎందుకంటే అది తవ్వే జంతువు. పందికొక్కు ఐతే ముందు కాలుకు నాలుగు, వెనుక కాలుకు ఐదు, నడుమ తోక ఈడ్చిన గీత.

మామునూరు_దారి:
పై రెండు జవాబులకు కొంత చేర్పు. చచ్చిన కోడి చూసి కూడా చాలావరకు చెప్పొచ్చు. ఈకలు ఊడదీసి, ఒళ్లంతా నలిపి, తినకుండా చెల్లాచెదురుగా పడేస్తే ఊరకుక్కలు. పిల్లల కాళ్లు, తొడలు కొరికి ఉంటే, గూటి మూలన కొత్త మట్టి కుప్ప కనిపిస్తే పందికొక్కు. గుడ్లు పెంకు కూడా లేకుండా మాయమైతే పాము, లేదా ఉడుము. పిల్ల తడితడిగా, ఈకలు అతుక్కుపోయి చచ్చి కనిపిస్తే పాము మింగలేక కక్కి వదిలింది. తలకాయ ఒక్కటే లేకపోతే, ముఖ్యంగా జాలీకి ఆనుకుని పడుకున్న కోడి ఐతే, బయటి నుంచి పిల్లి జాతిది పంజా పెట్టి లాగింది. ఈ చివరిదానికి జాలీ బలం ఒక్కటే చాలదు, కూర్చునే కర్రలు జాలీకి అడుగున్నర దూరంగా ఉండాలి.

చచ్చిన కోళ్లను వాగులో వేయొద్దు. మూడడుగుల గుంత తీసి సున్నం చల్లి పాతండి. వాసన ఉన్నంతకాలం కుక్కలూ, గద్దలూ అక్కడే తిరుగుతాయి.

మొగుళ్లపల్లి_67:
చచ్చిన కోడికి గుళికల మందు రాసి అక్కడ్నే పెట్టుండ్రి. ఒక్క రాత్రిల లెక్క తేలిపోతది.

వేదిక నిర్వాహకుడు:
ఆ సలహా పాటించొద్దు. మానుపిల్లి, పునుగు, అడవి పిల్లి, ముంగిస, ఉడుము, అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. విషం పెడితే ముందు చచ్చేది పక్కింటి కుక్క, ఆ తర్వాత దాన్ని పీక్కుతిన్న కాకులు, గద్దలు, ఆఖరుకు ఆ గుళికల చేతులతో అన్నం తిన్న పిల్లలు. ఇంకోసారి ఇలాంటివి రాస్తే తీసేస్తాం. పెద్ద జంతువు ఊర్లోనే తిరుగుతుంటే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పండి.

నర్సంపేట_చెలక:
బూడిద చల్లిన. ఐదు వేళ్లు, గోర్ల గుర్తులు, గూటి చుట్టు ఎక్కడ లేవు గాని రేకు మీద ఉన్నయి. గూటి మీదికి వేపకొమ్మ ఒకటి వంగి ఉన్నది. లోపల కూసొని చూస్తె రేకుల జోడు కాడ ఒకటి, తలుపు పైమూల ఒకటి, వెలుగు వస్తున్నది. తలుపు మూలను తోస్తె నాలుగించులు వంగుతున్నది.

కడీలగూడు (హనుమకొండ):
మానుపిల్లే. కొమ్మ నుంచి రేకు మీదికి, రేకు మీదికెళ్లి తలుపు మూలకు. ఆ కొమ్మను గూటికి ఆరేడు ఫీట్ల దూరం దాక కొట్టెయ్యి.

ఇగ గూటి సంగతి. ఆరు మూలల జాలీ కోళ్లు బయటికి పోకుండ ఆపుతది గాని బయటిది లోపలికి రాకుండ ఆపదు. కుక్క పండ్లతోని గుంజితే పురి ఊడి వరుసగ విచ్చుకుంటది. నీకు కావాల్సింది వెల్డ్‌మెష్, ప్రతి కూడలి కాడ అతుకు ఉన్నది. కింద రెండు ఫీట్ల ఎత్తు దాక అర ఇంచు గడి, 18 గేజి. దాని మీద ఇంచు గడి, 16 గేజి. గేజి నంబరు పెరిగితే తీగ సన్నగైతది, దుకాణంల 22 గేజి అగ్గువకు అంటగడ్తరు, తీసుకోకు. జీఐ (జింకు) పూత వెల్డింగు తర్వాత వేసిందే అడుగు. ముందే పూతేసిన తీగతోని చేసిన జాలీకి అతుకుల కాడ పూత కాలిపోతది, రెండు వానకాలాలకు అక్కడ్నే తుప్పు మొదలు.

కింది నుంచి తవ్వకుండ గోడ పొంట పరదా వెయ్యాలె. మూడు ఫీట్ల వెడల్పు జాలీ తీసుకొని పొడుగూత సగానికి మడిచి ఎల్ ఆకారం జెయ్యి. అడుగున్నర గోడకు పైకి, అడుగున్నర బయటికి నేల మీద. నేల మీది దాన్ని రెండించుల మట్టి తీసి పరిచి, మట్టి కప్పి తొక్కాలె. నీ గూటి చుట్టుకొలత 36 ఫీట్లు. బయటి మూలలకు అడుగున్నర చతురం ముక్కలు నాలుగు కావాలె, మూడు ఫీట్ల వెడల్పు రోలుల అవి 3 ఫీట్ల పొడుగుల వస్తయి. అంటే 39. అతుకుల కాడ ఆరించులు ఒకదాని మీద ఒకటి ఎక్కియ్యాలె. 50 ఫీట్ల రోలు ఒక్కటి సరిపోతది, ఇంక మిగులుతది. తవ్వే జంతువు ఎప్పుడైనా గోడ మొదట్ల తవ్వుతది. జాలీ తగిలితే పక్కకు జరుగుతది గాని, అడుగున్నర వెనుకకు పోయి తవ్వాలన్న తెలివి దానికి రాదు.

కట్టుడు కాడ జాగ్రత్త. చెక్కకు యు మేకులు కొడ్తరు, అవి ఆరు నెలలకు వదులైతయి. పెద్ద వాషరు వేసి స్క్రూ బిగియ్యి, నాలుగించులకు ఒకటి. ఇనుప పైపు ఐతే బైండింగ్ వైరు రెండు పేటలు, గట్లనే నాలుగించులకు ఒకటి. జాలీ చెక్కకు బయటి దిక్కు ఉండాలె. లోపలి దిక్కు కొడితే బయటి నుంచి తోసిన బరువు మేకుల మీద పడ్తది.

మంథని_గోదారి:
అన్నా, పరదా బయటికి పరుసుడు కన్న నిలువుగ రెండు ఫీట్లు పాతుడు మంచిది కాదా? మా దిక్కు గట్లనే పాతుతరు.

కడీలగూడు (హనుమకొండ):
ఎర్ర చెలకల పాతినా నడుస్తది, పని ఎక్కువ, అంతే. నల్లరేగడిల మాత్రం పాతొద్దు. ఎండకాలం భూమి పర్రెలు వాస్తది. జాలీకి, మట్టికి నడుమ రెండించుల సందు నిలువునా కిందికి దిగుతది, ముంగిసకు అదే దారి. వానలకు మట్టి ఉబ్బి జాలీని గుంజుతది, పైన మేకులు ఊడుతయి. రేగడి ఐతే గూటి కింద, చుట్టు మూడు ఫీట్లు ఆరించుల మొరం పోసి దిమ్మిస కొట్టు. దాని మీద పరదా. స్తంభాలకు రాతి కడీలు వాడు, రెండు ఫీట్లు భూమిల, చుట్టు కంకర. మట్టిల ఉండే జాలీకి తారు ఒక పూత ఏస్తె వయసు పెరుగుతది.

పందికొక్కుకు ఈ పరదా పని చెయ్యది. అది దూరం నుంచి లోతుల బొక్క తీసి గూటి నడుమ తేలుతది. దానికి నేలే మందు. షాబాద్ బండలు పరిచి సందుల సిమెంటు పెట్టు, లేకుంటే మూడించుల కాంక్రీటు బెడ్ వెయ్యి. మీద నాలుగించుల వడ్ల ఊక. ఊక వారానికి రెండు సార్లు తిరగెయ్యాలె, లేకుంటే గడ్డ కట్టి వాసనొస్తది.

భూపాలపల్లి_రాణి:
కోతులకు ఏం జేస్తరు? మా దగ్గర పిల్లి, పాము కంటె అవే ఎక్కువ. గొళ్లెం తీసి లోపలికి పోయి గుడ్లు పట్టుకపోతున్నయి.

పాకాల_పెట్ట:
జారే గొళ్లెం ఏ కోతికైనా వస్తది వదినా. గొళ్లెం చెవిల స్ప్రింగ్ హుక్కు వెయ్యి, నొక్కి తిప్పితేనే ఊడేది. రెండు వేరు వేరు ఎత్తులల్ల రెండు పెడితే కోతి తీయలేదు, కుక్క తోస్తె తలుపు వంగది. గుడ్లు పెట్టే గంపలు జాలీకి దూరంగ, చెయ్యి పెడితే అందకుండ. పొద్దున పది గంటలకు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి గుడ్లు ఏరుకో. గుడ్డు కనబడకుంటే కోతికి ఆ గూటి మీద ఆశ ఉండది. గూన పెంకల కప్పు ఐతే పెంకలు పీకుతయి, కింద ఇంచు జాలీ తప్పదు.

ములుగు_మొరం:
కరెంటు తీగ పెడితే అన్నిటికీ ఒకటే మందు కదా?

కడీలగూడు (హనుమకొండ):
ఏ కరెంటు తీగ? ఇంటి లైను తీగకు తగిలిస్తె మనుషులు చస్తరు, జైలు కూడ. అడవి పందులకని గట్ల పెట్టి ఎంతమంది పోయిన్రో పేపర్ల చూస్తనే ఉన్నం. 12 వోల్టుల బ్యాటరీతోని నడిచే సోలార్ జట్కా మిషను వేరు. అది సెకనుకో దెబ్బ ఇచ్చి ఆగుతది, పట్టుకున్నది వదులుకోగలుగుతది. అది పెట్టుకోవచ్చు. జాలీకి బయట ఆరించుల దూరంగ ఒక తీగ నేలకు ఆరించుల ఎత్తుల, ఇంకొకటి అడుగు ఎత్తుల. వానకాలం గడ్డి పెరిగి కింది తీగకు తగిలితే దెబ్బ మొత్తం భూమిల్కి పోతది, పదిహేను రోజులకోసారి గడ్డి కొయ్యాలె. ఎర్తు రాడ్డు మూడు ఫీట్లు దిగాలె, ఎండకాలం దాని మొదట్ల నీళ్లు పొయ్యాలె. ఇవి చెయ్యనోళ్లకు మిషను ఉన్నా లేనట్టే. జాలీ బాగుంటే నాకైతే తీగ అవసరం కనబడది.

జమ్మికుంట_పత్తి:
రాత్రి సంగతి ఐపోయింది. పగలు గద్ద సంగతి చెప్పుండ్రి. తల్లి వెంట పదకొండు పిల్లలు దిగితే నెలకు నాలుగు మిగుల్తున్నయి.

పాకాల_పెట్ట:
రెండు తీర్ల దొంగలు ఉంటయి. గద్ద ఆకాశంల చక్కర్లు కొట్టి, తేట జాగల ఉన్న పిల్లను కాళ్లతోని ఎత్తుకపోతది. డేగ చెట్టు మీద కూసొని కిందికెళ్లి నేల పొంట వస్తది, పొదల నడుమ గూడ పట్టుకుంటది. గద్దకు తీగ పందిరి చాలు. సొర, బీర, చిక్కుడు, ఏదైనా ఆరు ఫీట్ల ఎత్తుల పారిస్తె దాని కిందనే పిల్లలు తిరుగుతయి. డేగకు వల కావాలె.

పాత చేపల వలలు అగ్గువకు దొరుకుతయి, పైన కప్పుకు బాగుంటయి. ఏడు ఫీట్ల ఎత్తుల గుంజి కట్టు, వదులుగ వేలాడితే వానకు ఆకులు పడి కిందికి దిగుతది. పక్కలకు, నేల దాక మాత్రం నైలాను వల కట్టకు. నాగుపాము, జెర్రిపోతు దాంట్ల ఇరికి చస్తయి, చావనిది పొద్దుగాల నీ చెయ్యికి అందుతది. నేల నుంచి రెండు ఫీట్లు ఇనుప జాలీనే.

పిల్లలను మొదటి ఎనిమిది వారాలు ఇట్ల సాకాలె. చలికాలం నుంచి ఎండకాలం దాక గద్దలు తమ పిల్లలను సాకుతయి, అప్పుడే దాడి ఎక్కువ. కోసిన కోళ్ల పేగులు, ఈకలు పెరట్ల వేసేటోళ్లు గద్దను పిలిచి పీట వేసినట్టే.

ములుగు_మొరం:
గిన్నెకోళ్లు పెడితే అరుస్తయి అంటరు. నిజమేనా?

పాకాల_పెట్ట:
అరుస్తయి, గద్దను చూసి అరుస్తయి, పాముకు అరుస్తయి, చుట్టం వచ్చినా అరుస్తయి. నువ్వు ఇంట్ల ఉంటేనే ఫాయిద.

జమ్మికుంట_పత్తి:
పిల్లలకు గూట్ల పాము భయం ఎట్ల తప్పుతది?

మామునూరు_దారి:
పిల్లలుండే పెట్టెకు అడుగు ఎత్తు వరకు పావు ఇంచు జాలీ వేయండి. అర ఇంచు గడిలోంచి చిన్న పాములు వస్తాయి. పాము అసలు వచ్చేది ఎలుకల కోసం, ఎలుకలొచ్చేది కింద పడ్డ దాణా కోసం. కాబట్టి సాయంత్రం దాణా డబ్బాలు తీసి మూతున్న డ్రమ్ములో పెట్టడం పాముకు కూడా మందే. గూటి చుట్టూ పదడుగులు రాళ్ల కుప్పలు, కట్టెల మోపులు ఉండొద్దు. పొదిగే కోడి కింద చెయ్యి పెట్టేముందు టార్చి వేయాలి, ఇది పగలు కూడా. పాము కరిస్తే కట్లు, కోతలు పెట్టకుండా ఆ మనిషిని కదలనివ్వకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి.

పిల్లలకు వేడి గురించి ఒక మాట. ఇప్పుడు అందరి దగ్గరా ఎల్‌ఈడీ బల్బులే, అవి వేడి ఇవ్వవు. పాత రకం ఫిలమెంటు బల్బులే కావాలి, వంద పిల్లలకు వంద వాట్లవి రెండు. మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. థర్మామీటరు కంటే పిల్లలనే చూడండి: బల్బు కింద గుంపు కడితే చలి, అంచులకు పోయి నోరు తెరిస్తే వేడి.

నర్సంపేట_చెలక:
గూడు పని మొదలువెట్టిన. ఇప్పుడు అసలు ప్రశ్న. 15 పెట్టలు, 3 పుంజులు మిగిలినయి. వీటితోనే విత్తన మంద నిలబెట్టొచ్చా? మార్కెట్ల వనరాజ, గ్రామప్రియ పిల్లలు కూడ దొరుకుతున్నయి, అవి తెచ్చి కలుపాల్నా?

పరకాల_పుంజు:
కలుపకు. వనరాజ, గ్రామప్రియ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసినవి. తల్లి ఒక లైను, తండ్రి ఇంకో లైను, రెండూ కలిపినప్పుడే ఆ గుడ్లు, ఆ బరువు. వాటి పిల్లలను వాటిల్నే కలిపితే ఒకటి అటు, ఒకటి ఇటు, తీరుకో పిల్ల వస్తది, గుడ్లు తగ్గుతయి. పెంచుకొని గుడ్లు తినడానికి, అమ్మడానికి మంచివే. విత్తనానికి పనికిరావు, ప్రతిసారి కొనాల్సిందే. పైగా అవి పొదుగవు. నీ నాటు పెట్టల పొదుగుడు గుణం వాటితోని కలిస్తె పలుచబడ్తది.

15 పెట్టలు, 3 పుంజులు అంటే దేవుడిచ్చిన లెక్క. మూడు గదులు, ఒక్కో గదిల 5 పెట్టలు, 1 పుంజు. నాటుకోళ్లకు ఒక పుంజుకు ఎనిమిది పెట్టల దాక నడుస్తది, అసీల్ (పందెం జాతి) ఐతే ఐదు దాటనియ్యకు, బరువు ఎక్కువ, ఎక్కుడు తక్కువ. ఒక్కో గదికి ఒక రంగు పెట్టుకో: ఎరుపు, పసుపు, నీలం. పుట్టిన పిల్ల రంగు ఎప్పుడైనా తల్లి గదిదే. పెట్టపిల్లలు తల్లి గదిల్నే ఉంటయి. పుంజుపిల్లలు మాత్రం ఎరుపుల పుట్టినవి పసుపుకు, పసుపువి నీలానికి, నీలంవి ఎరుపుకు. ఏటేటా ఇదే తిప్పుడు. తండ్రి బిడ్డ, అన్న చెల్లె కలువకుండ చాన ఏండ్లు నడుస్తది.

మంథని_గోదారి:
ఆ మూడు పుంజులు ఒకే తల్లి పిల్లలైతే?

పరకాల_పుంజు:
అప్పుడు ఎంత తిప్పినా ఏం ఫాయిద లేదు. వేరే ఊరి నుంచి కనీసం రెండు పుంజులు తెచ్చుకోవాలె. అంగడిల కొనకు, ఇంటి కాడికి పోయి తల్లిని చూసి కొను. తెచ్చినంక నాలుగు వారాలు వేరే ఉంచు, మందకు దాణా వేసినంక ఆఖరుకు దానికి వెయ్యి, చెప్పులు వేరే.

ఎంచుకునేటప్పుడు: రొమ్ము ఎముక వేలితోని తడిమితే తిన్నగ ఉండాలె, వంకర ఉంటే వద్దు. ముక్కు పైది, కిందిది కలువాలె. ఎనిమిది వారాలకు ఒకసారి చూసి సగం తీసెయ్యి, 20 వారాలకు మళ్ల చూడు. తల్లి ఏడాదిల ఎన్ని గుడ్లు పెట్టింది, పొదిగిన పిల్లలల్ల ఎన్ని సాకింది అన్నది పుంజు రంగు కన్న ముఖ్యం. మన జనాలు కాకి, డేగ, నెమలి అని ఈకలు చూసి మురుస్తరు.

గుర్తులకు కాలికి ప్లాస్టిక్ రింగులు పెద్దైనంకనే పడ్తయి. ఒక రోజు పిల్లకు వేళ్ల నడుమ పొరకు చిల్లు కొట్టే చిన్న పంచు దొరుకుతది. కాలుకు రెండు పొరలు, రెండు కాళ్లకు నాలుగు. చిల్లు ఉంది, లేదు అన్న లెక్కన 16 తీర్ల గుర్తులు. మొదటి రోజే కొట్టాలె, చిల్లు ఊడిన ముక్క పూర్తిగ పడిపోయిందో లేదో చూడు, అంటుకొని ఉంటే పూడుకపోతది.

పాకాల_పెట్ట:
ఒకటి మరిచిపోతరు అందరు. పుంజును మార్చినంక వెంటనే గుడ్లు పొదుగవెయ్యొద్దు. పాత పుంజు వీర్యం పెట్ట కడుపుల రెండు మూడు వారాలు బతికి ఉంటది. మూడు వారాలు గుడ్లు తినుండ్రి, ఆ తర్వాత ఏరుకునుడు మొదలువెట్టుండ్రి. లేకుంటే రంగుల లెక్క అంత తప్పుతది.

గుడ్డు ఏరుకునేటప్పుడు మరీ చిన్నవి, మరీ గుండ్రటివి, పెంకు పలుచటివి వద్దు. కడుగవద్దు, మురికైతే పొడిబట్టతోని తుడువుండ్రి. కడిగితే పెంకు మీది సహజ పూత పోయి లోపలికి క్రిములు పోతయి. మొనదేలిన దిక్కు కిందికి పెట్టాలె. వారం దాటనియ్యొద్దు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల ఇంట్ల గూడ 35 దాటుతది, గుడ్డు లోపల పిండం సగం పెరిగి చస్తది. రెండు రంజన్లు తీసుకొని పెద్దదాంట్ల తడి ఇసుక పోసి, దాంట్ల చిన్నది దించి, గుడ్లు చిన్నదాంట్ల ఊక మీద పెట్టుండ్రి. ఇసుకకు పొద్దుమాపు నీళ్లు. ఫ్రిజ్ వద్దు, 4 డిగ్రీల చలికి పిల్లలయ్యేవి మస్తు తగ్గుతయి. నేనైతే ఆ రెండు నెలలు పొదుగే వెయ్యకుండ్రి అంట.

పొదుగవెయ్యాల్సింది చీకటి పడ్డంక. నాటు పెట్టకు తన గుడ్లు పది, పన్నెండు. రెండు మూడు పెట్టలను ఒకే రాత్రి కూసోబెడితే 21వ రోజు పిల్లలన్నిటినీ ఒక తల్లికి అప్పజెప్పి, మిగిలినవాటిని మళ్ల గుడ్లకు తిప్పుకోవచ్చు. పొదుగు కోడి లేవది, అరవది, కాబట్టి దొంగకు అదే మొదలు. దానికి రెండు ఫీట్ల చతురం అర ఇంచు జాలీ పెట్టె వేరే కట్టి తాళం వెయ్యి. రోజుకోసారి ఇరవై నిమిషాలు బయటికి వదులు, మక్కలు, నీళ్లు, బూడిదల పొర్లే జాగ.

జమ్మికుంట_పత్తి:
గుడ్లు పొదిగే మిషన్ల వేస్తె సగమే పిల్లలైతున్నయి. గుడ్లు పగలగొట్టి చూస్తె కొన్ని తెల్లగ, కొన్నిట్ల పూర్తి పిల్ల చచ్చి ఉన్నది.

మామునూరు_దారి:
రెండూ వేరు వేరు జబ్బులు. ఏడో రోజు టార్చి పెట్టి చూడండి. ఏమీ లేకుండా తేటగా ఉంటే పుంజు లోపం: వయసు, కొవ్వు, ఎండదెబ్బ, కాలి పుండు, ఒక్క పుంజుకు ఎక్కువ పెట్టలు. నెత్తురు ఉంగరంలా కనిపిస్తే గుడ్డు నిల్వలో గాని, మొదటి మూడు రోజుల వేడిలో గాని తేడా. 18 నుంచి 21 మధ్య చస్తే తేమ, తిప్పడం, గాలి. మిషన్‌లో 37.5 డిగ్రీలు, తేమ 55 నుంచి 60 శాతం, 18వ రోజు తర్వాత తిప్పడం ఆపి తేమ 65 దాటించండి. చివరి మూడు రోజులు మూత తెరిచి చూడొద్దు. మూత తెరిచిన ప్రతిసారీ తేమ పడిపోయి లోపొర పిల్లకు అతుక్కుంటుంది.

పిల్ల వేళ్లు లోపలికి ముడుచుకుని పుట్టినా, నూగు ముద్దలు కట్టినా తల్లికి బీ2 విటమిన్ తక్కువ. లేయర్ దాణా (గుడ్ల కోళ్ల దాణా) మనం తినే గుడ్లకు సరిపోతుంది, పొదిగే గుడ్లకు చాలదు. బ్రీడర్ దాణా గాని, లేయర్ దాణాకు విటమిన్ మిక్స్ గాని కలపాలి. సున్నపుగుల్ల వేరే గిన్నెలో పెట్టండి, పెట్టలు కావాల్సినంత తింటాయి, పుంజుకు అంత కాల్షియం అక్కర్లేదు. వానకాలంలో బూజు పట్టిన మక్కలు వేస్తే పొదిగే శాతం పడిపోతుంది, ఇది చాలామందికి అర్థం కాని కారణం.

మందలో తెల్లపారుడు ఉంటే గుడ్డు ద్వారానే పిల్లకు వస్తుంది. విత్తన మంద మొదలుపెట్టేముందు ఒక చుక్క నెత్తురుతో చేసే పలక పరీక్ష అడగండి, మామునూరు వెటర్నరీ కాలేజీలో గాని, మీ పశువైద్యుణ్ని గాని. జబ్బు ఉందని తేలిన కోడిని మందులతో ఉంచొద్దు, విత్తనం నుంచి తీసేయాలి. కొక్కెర తెగులుకు లసోటా టీకా ఏడో రోజు కంట్లో చుక్క, 28వ రోజు మళ్లీ. ఎనిమిదో వారం అదే తెగులుకు ఆర్‌టూబీ టీకా సూది అర మిల్లీలీటరు, గుడ్లకు వచ్చేముందు ఇంకోసారి. టీకా మంచు పెట్టిన ఫ్లాస్కులోనే తేవాలి, కలిపిన గంటలో వేసేయాలి. టీకాకు వారం ముందు నట్టల మందు.

ములుగు_మొరం:
మేడారం జాతరకు అమ్మాలంటే ఎప్పుడు పొదుగవెయ్యాలె?

పాకాల_పెట్ట:
జాతర రెండేండ్లకోసారి, మాఘ పౌర్ణమికి. నాటు పుంజు కిలోన్నర తూగాలంటే ఐదారు నెలలు. ఆగస్టుల పిల్లలు దిగాలె, అంటే జులై నడుమ పొదుగు. అది వానకాలం, ఊక తడవకుండ చూసుకోకుంటే రక్తపారుడుతోని మూడో వారంల పిల్లలు పోతయి. విత్తనానికి ఎంచుకున్న పెట్టలను మాత్రం ఆ రేటు చూసి అమ్ముకోకుండ్రి.

నర్సంపేట_చెలక:
రేకుల జోడు కాడ ఇంచు జాలీ మడిచి స్క్రూలు బిగించిన, తలుపుకు రెండు హుక్కులు, కొమ్మ కొట్టిన. బూడిద మళ్ల చల్లిన, రేకు మీద అడుగులు ఉన్నయి గాని లోపలికి రాలే. ఆఖరు ప్రశ్న: గదికొక పుంజు అన్నరు, మరి అది చస్తే? అదనపు పుంజులను ఎక్కడ ఉంచాలె, కొట్లాడుకుంటున్నయి.

పరకాల_పుంజు:
రంగుకు ఒకటి అదనంగ ఉంచు. అవన్నీ కలిపి ఒకే గదిల, పెట్టలు కంటికి కనబడని దిక్కు. ఒకే రోజు, కొత్త గదిల, చీకటి పడ్డంక కలిపి వదిలితే రెండు మూడు రోజులు గుంజుకొని సర్దుకుంటయి. ఒకదాన్ని తీసి పెట్టల గదిల పెట్టి మళ్ల అదే గుంపుల వదలొద్దు, చంపుకుంటయి. నడుమ గోడ జాలీది కాకుండ రెండు ఫీట్ల ఎత్తు దాక రేకు కొట్టు, ఒకదాన్నొకటి చూడకుంటే పొడుచుకునుడు ఉండది. ఆరె (పుంజు కాలి వెనుక ముల్లు) మొన పెరిగితే కొస మాత్రమే, పావు ఇంచు, గోర్లు కత్తిరించే కత్తెరతోని తీసి పసుపు పెట్టు. మొదలు దాక కోస్తె నెత్తురు ఆగది.

కడీలగూడు (హనుమకొండ):
అడుగులు ఇంక పడ్తున్నయి అంటే అది రోజూ వచ్చి సందు వెతుకుతున్నట్టే. నెల రోజులు ఆ స్క్రూలు వారానికోసారి బిగించి చూడు, మొదటి వాన పడ్డంక పరదా మీది మట్టి కొట్టుకపోయిందో లేదో చూసి మళ్ల కప్పు.